చాటింపు వాంజెలిస్తా చెప్పిన పుస్తకం

కొండ మీది మా ఊరు రోక్కాసెల్వలో వాంజెలిస్తా గొంతు వినపడని రోజు ఉండేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఊరి చాటింపు మనిషి. నగరపెద్దలు కొత్త ఉత్తర్వు వేసినా, ఎవరి గాడిదో తప్పిపోయినా, ఏ బావిలోనో పిల్లి పడి చచ్చినా బాకా ఊది, ఆరు చోట్ల ఆగి, అందరికీ చెప్పాల్సింది ఆయనే. శుక్రవారం సాయంత్రాలు మా భక్తసమాజం మందిరంలో పాట ఎత్తుకునేదీ ఆయనే. ఆయనకు చదువు రాదు. ఉత్తర్వును నగరసభ రాతపనులు చూసే నోటరీ రెండుసార్లు చదివి వినిపిస్తే కళ్లు మూసుకుని వినేవాడు. మూడోసారి తనే అప్పజెప్పేవాడు. ఒక్క మాట పొల్లుపోయేది కాదు.

నేను ఆయనతో దగ్గరగా కూర్చుని పనిచేసే నాటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. మా ఊళ్లో చదునైన నేల నగరసభ ముందున్న కూడలి ఒక్కటే. మిగతాదంతా ఎక్కడమో దిగడమో. ఆ ఎత్తుపల్లాలు తిరిగి తిరిగి ఆయన మోకాళ్లు వాచిపోయి ఉండేవి. గొంతు కూడా అరిగింది. సోంపు నములుతూ, నాలుగో మలుపు దగ్గర గోడకు ఆనుకుని కాసేపు నిలబడేవాడు. ఎవరైనా పలకరిస్తే, "బాగానే ఉన్నానయ్యా, అలిసిపోయానంతే" అనేవాడు. ఏ కాలంలో అడిగినా అదే జవాబు.

నా పేరు ఎర్కోలానో. మా యజమాని మాస్త్రో కోస్తాంజో అచ్చుశాలలో సీసపు అక్షరాలు పేర్చేవాణ్ణి. ఉత్తరాది నుంచి అచ్చుయంత్రాన్ని ఎద్దుల బండి మీద తెచ్చుకున్న మనిషి ఆయన. వచ్చీ రాగానే న్యాయవాదుల కోసమని లాటిన్‌లో ఓ లావుపాటి ధర్మశాస్త్రం వేశాడు. దాన్ని ఎవరూ కొనలేదు. ఆ కట్టలు మెట్ల కింద తేమ పట్టి ఉబ్బిపోయాయి. ఒక రోజు మధ్యాహ్నం చిక్కుడుగింజల చారు తాగుతూ నాతో అన్నాడు:

"ఎర్కోలానో, ఇక లాటిన్ వద్దురా. మనం మాట్లాడుకునే మాటల్లో వేద్దాం. చిన్న పుస్తకం. సగం దేవుడికి, సగం ఊరికి."

"అంటే?"

"మీ సమాజం వాళ్లు పాడే పాటలు. తల్లి మరియమ్మ ఏడ్పు. కాన్పు కష్టమైతే కడుపు మీద పెట్టే ప్రార్థన కాగితం. పాపాలు ఎలా ఒప్పుకోవాలో ఆ పద్ధతి. తర్వాత ఊరి కట్టుబాట్లు. న్యాయాధికారి ప్రమాణం చేసేటప్పుడు చెప్పే మాటలు, పెళ్లికూతుళ్లు ముత్యాలెన్ని పెట్టుకోవచ్చు, బావుల శుభ్రం, మంటలు లేస్తే ఎవరేం చెయ్యాలి, మహమ్మారి వస్తే ఏం చెయ్యాలి. ఇంట్లో ఒక్క పుస్తకం ఉంటే చాలు, అన్నీ అందులోనే."

ఆలోచన బాగానే ఉంది కానీ ఆ సరుకు ఎక్కడ దొరకాలి? పాటలు మనుషుల నోళ్లలో ఉన్నాయి. కట్టుబాట్లు నగరసభ పెట్టెల్లో లాటిన్‌లో ఉన్నాయి. మహమ్మారి ఉత్తర్వు ఆ రూపంలో కూడా లేదు. ఇరవై రెండేళ్ల కిందట మహమ్మారి వచ్చినప్పుడు అది రాసిన నోటరీ ఆ జబ్బుతోనే పోతే, ఆయన ముట్టుకున్న కాగితాలన్నీ కాల్చేశారు. జనం విన్న మాటల్లో, మా వాడుక మాటల్లో, అవన్నీ ఒకేచోట ఉన్నది వాంజెలిస్తా తలలోనే.

అలా ఆయన వారానికి మూడు పూటలు అచ్చుశాలకు రావడం మొదలుపెట్టాడు. ఆయన చెబితే నేను రాసుకోవాలి. మొదటి రోజు కుర్చీ వేశాం. కూర్చుని నోరు తెరిచాడు, ఒక్క మాట రాలేదు. కంగారుపడిపోయాడు.

"కూర్చుంటే రాదురా అబ్బాయి. నిలబడాలి."

నిలబడ్డాడు. అయినా రాలేదు. చివరికి ఇంటికి మనిషిని పంపి బాకా తెప్పించుకున్నాడు. దాన్ని ఊదలేదు, ఊరికే చంకలో పెట్టుకున్నాడు. అంతే, బావుల శుభ్రం ఉత్తర్వు మొదటి మాట నుంచి చివరి మాట దాకా ధారగా వచ్చేసింది. నా చెయ్యి అందుకోలేకపోయింది.

"మామా, ఆగు! కాస్త మెల్లగా!"

"మెల్లగా చెబితే మర్చిపోతాను. నువ్వే తొందరగా రాయి."

మధ్యాహ్నం ఆయన భార్య పాస్కువా రొట్టె, ఉల్లిపాయ, పలచటి ద్రాక్షసారా తెచ్చేది. పొట్టి మనిషి, పెద్ద నోరు. గుమ్మంలోనే మొదలుపెట్టేది.

"ఏమయ్యా ఎర్కోలానో, మా ఆయన నోరంతా ఖాళీ చేసి పంపుతావా ఏంటి? నాతో మాట్లాడ్డానికి నాలుగు ముక్కలైనా మిగల్చు."

"నేను మాట్లాడే సందు నువ్వెప్పుడిచ్చావే?" అనేవాడు ఆయన రొట్టె అందుకుంటూ.

"ఇస్తే ఏం చెబుతావు? బావిలో పిల్లి పడిందనేగా!"

నవ్వుకునేవాళ్లం. ఆ చలికాలమంతా అలాగే గడిచింది. పాటలు అయ్యాయి, ప్రార్థనలు అయ్యాయి, ముత్యాల ఉత్తర్వు అయింది. చివరికి మిగిలింది మహమ్మారి ఉత్తర్వు. అది చెప్పమనగానే ఆయన నీళ్లడిగాడు. తాగాడు. బాకా చంకలోంచి తీసి బల్ల మీద పెట్టి, "ఇవాళ వద్దులే" అని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పాస్కువా వచ్చింది, రొట్టె లేకుండా.

"ఆ ఒక్కటీ వదిలెయ్యకూడదా బాబూ?" అంది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏమైందత్తా?"

అప్పుడు చెప్పింది. ఆయనకు దియానోరా అని ఒక్కతే చెల్లెలు. రంగులద్దేవాళ్ల వీధిలో కాపురం. ఆ ఏడు జబ్బు ముందు పట్టుకున్నది ఆ వీధినే. రోగమున్న ఇళ్ల తలుపులకు పలకలు కొట్టి నలభై రోజులు మూసెయ్యాలని పెద్దలు ఉత్తర్వు వేశారు. లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు దగ్గరికి పోకూడదు. ఆరు చోట్లా చాటింపు వేస్తూ వేస్తూ ఆయన చివరికి ఆ వీధిలో, చెల్లెలి కిటికీ కిందే నిలబడాల్సి వచ్చింది. అప్పటికే ఆమె మొగుడు జ్వరంతో పడి ఉన్నాడు. ఆమె పైనుంచి తొంగిచూసి, "అన్నా, ఇంకాస్త గట్టిగా అరువు, వెనక ఇళ్లవాళ్లకి వినపళ్లేదట" అని నవ్వించబోయింది. ఆయన గట్టిగానే చెప్పాడు. వెనకే వడ్రంగులు వచ్చారు.

రెండు రోజులు ఆయన పొడుగాటి గెడకు రొట్టెలు కట్టి కిటికీకి అందించాడు. మూడో రోజు కావలివాళ్లు గెడ విరిచేశారు. ఉత్తర్వు చాటిన నువ్వే ఉత్తర్వు తప్పుతావా అని అడిగారు. ఇంకెవరూ ఏమీ పెట్టలేదు. పెట్టమని ఉత్తర్వులో లేదు. రెండు వారాల తర్వాత ఆమె కిటికీలోకి రావడం మానేసింది. నలభై రోజులు నిండాక పలకలు తీశారు. మొగుడి ఒంటి మీద గడ్డలున్నాయి. ఆమె ఒంటి మీద ఏమీ లేవు, ఆకలికే పోయింది.

"ఆ మర్నాడు పొద్దున్న ఈయన బాకా తీసుకుని పనిలోకి పోయాడు. గాడిద తప్పిపోయిందని చాటడానికి" అంది పాస్కువా. "అప్పట్నుంచీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

మాస్త్రోతో చెప్పి ఆ ఉత్తర్వు వదిలేద్దామనుకున్నాను. కానీ వాంజెలిస్తా మర్నాడు తనంతట తనే వచ్చాడు. గడ్డం గీయించుకుని, భక్తసమాజం వాళ్లు ప్రార్థనకు వేసుకునే తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. నిలబడి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రోగమున్న ఇళ్లు మూయాలి, నలభై రోజులు. ఎవరూ దాటకూడదు. నేను రాస్తూ పోతున్నాను. అప్పుడు అదే గొంతుతో, అదే వరసలో, ఇలా అన్నాడు: "మూసిన ప్రతి ఇంటికీ నగరం తరపున పొద్దునా సాయంత్రమూ తాడు కట్టిన బుట్టలో తల ఒక్కింటికి రెండు రొట్టెలు, కూజాడు నీళ్లు పంపాలి. బుట్ట పంపిన మనిషి లోపలివాళ్లను పేరు పెట్టి పిలవాలి, జవాబు వినే దాకా కదలకూడదు. ఇందులో లోపం చేసిన అధికారి పదవికి అర్హుడు కాడు."

నా కలం ఆగిపోయింది. ఆ ఏడు నాకు పదేళ్లు. మా వీధిలోనూ రెండు తలుపులకు పలకలు కొట్టారు. బుట్టలు లేవు. ఎవర్నీ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.

"మామా, ఇది అప్పుడు ఉందా?"

"రాసుకో."

"ఉందా అని అడుగుతున్నాను."

కళ్లు తెరిచి నా వంక చూశాడు. కోపం లేదు. పొద్దుటి నుంచీ బరువు మోసినవాడు దించే చోటు ఎక్కడా అని చూసినట్టు చూశాడు.

"నా నోట్లో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది. రాసుకోరా."

రాసుకున్నాను. ఆ కాగితాన్ని రెండు రోజులు బల్ల కింద ఉంచుకున్నాను. అచ్చులో అబద్ధం వేయడం నాకు తెలియని పని. పెద్దల పేరుతో వేయడం ఇంకా ప్రమాదం. మాస్త్రోతో చెబితే తీసేయమంటాడు, అది ఆయన తప్పు కూడా కాదు. మూడో రోజు అక్షరాలు పేర్చడానికి కూర్చుని, ఎవరికీ చెప్పకుండా ఆ నాలుగు పంక్తులూ పేర్చేశాను. ఎందుకు పేర్చావని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన తెల్ల అంగీ వేసుకుని రాకపోయి ఉంటే పేర్చేవాణ్ణి కాదేమో.

ఈస్టరు నాటికి పుస్తకం వచ్చింది. మూడు వందల ప్రతులు. ఎక్కువగా ఆడవాళ్లే కొన్నారు, అదీ కాన్పు ప్రార్థన కోసం. ఆ ఆకు మాత్రమే చింపి ఇమ్మని అడిగినవాళ్లూ ఉన్నారు. వాంజెలిస్తాకు ఒక ప్రతి ఇచ్చాను. దాన్ని తిరగేసి, బోర్లించి, చివరికి నా చేతిలో పెట్టాడు.

"అది ఎక్కడుంది?"

చూపించాను. బొటనవేలు పెట్టి ఆ పంక్తులను నెమ్మదిగా తడిమాడు.

ఆ పుస్తకం ఆయనకు చేసిన మేలేమీ లేదు. శుక్రవారాలు పాట ఎత్తుకుంటే చదువొచ్చిన కుర్రవాళ్లు మధ్యలో ఆపేవాళ్లు. "తాతా, రెండో చరణం అది కాదు, పుస్తకంలో వేరేలా ఉంది" అనేవాళ్లు. ఆ పుస్తకంలోకి పాటలు వచ్చింది ఆయన నోట్లోంచేనని వాళ్లకు గుర్తు చేసేవాళ్లు లేరు. నేను పేర్చడంలో చేసిన తప్పొకటి రెండో చరణంలో అలాగే ఉండిపోయింది. ఆ సంగతి చెప్పబోతే ఆయనే వద్దన్నాడు. "పోనీలే. పాట సాగుతోందిగా" అని, తప్పుగానే పాడటం నేర్చుకున్నాడు.

ఎనిమిదేళ్లు గడిచాయి. మాస్త్రో కోస్తాంజో దగ్గుతో మంచం పట్టాడు. అచ్చుశాల పని సగం నా నెత్తిన పడింది. ఆ ఎండాకాలం మళ్లీ మహమ్మారి వచ్చింది.

వాంజెలిస్తాకు అరవై ఆరు. గొంతు దాదాపు పోయింది. బాకా ఊదితే జనం దగ్గరికి వచ్చి ఆయన చుట్టూ మూగి వినాల్సి వచ్చేది. వేరే మనిషి దొరక్క పెద్దలు ఆయన్నే ఉంచారు. కొత్త ఉత్తర్వు కూడా పాతదాని లాంటిదే. ఇళ్లు మూయాలి, నలభై రోజులు. బుట్టల మాట లేదు. ఆయన దాన్ని విన్నది విన్నట్టే చాటాడు. మొదటి చోట చెప్పాడు, రెండో చోట చెప్పాడు. మూడోది రంగులద్దేవాళ్ల వీధి.

అక్కడ తొమ్మాసా అని ఒక మంత్రసాని ఉండేది. ఆమె దగ్గర మా పుస్తకం ఉంది. ఎనిమిదేళ్లలో ఎన్ని కడుపుల మీద పెట్టిందో, అట్ట మాసి నల్లబడింది. కాన్పులయ్యే దాకా కూర్చునే గంటల్లో కూడబలుక్కుంటూ మిగతా ఆకులు కూడా చదివేసింది. చాటింపు అవగానే ఆమె చెయ్యి ఎత్తింది.

"ఇదిగో పెద్దాయనా, సగమే చెప్పావు. మిగతాదేది?"

"నాకు చెప్పింది ఇంతే తల్లీ."

"ఇంతే ఎట్లా అవుతుంది? ఇందులో ఇంకా ఉంది" అని లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. అందరూ వింటుండగా వేలు పెట్టి చదివింది. రెండు రొట్టెలు, కూజాడు నీళ్లు, పేరు పెట్టి పిలవాలి. జనంలో కలకలం లేచింది. ఆ వీధిలో అప్పటికే నాలుగు ఇళ్లకు పలకలు సిద్ధంగా ఉన్నాయి. ఎవరో గొడ్డలి తెచ్చారు. ఇంకెవరో, "గొడ్డలెందుకురా, పుస్తకం పట్టుకుని పోదాం పదండి" అన్నారు. రెండు వందల మంది దాకా నగరసభకు నడిచారు. వాంజెలిస్తా వాళ్ల వెనక, బాకా చంకలో పెట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు.

నగర నోటరీ లతాంజో గారు వాంజెలిస్తాతో పాటు నన్ను కూడా లోపలికి పిలిపించారు. ఆయన కూడా ముసలివాడే. ఎండ, భయం, నిద్రలేమి కలిసి ముఖం పీక్కుపోయి ఉంది. కింద జనం గోల వినపడుతోంది. పుస్తకం ఆయన ముందు తెరిచి ఉంది.

"దీని అసలు ప్రతి మా పెట్టెల్లో లేదు. కాల్చేశారట. అచ్చు వేసింది నువ్వేనా?"

"నేనే పేర్చానండీ."

"ఎవరు చెబితే?"

నా బదులు వాంజెలిస్తా జవాబిచ్చాడు. "నేనే చెప్పానయ్యా."

నోటరీ సిలువను ఆయన ముందుకు జరిపారు. "దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. ముప్పై ఏళ్ల కిందట ఈ రొట్టెల మాట, ఈ పేర్ల మాట నువ్వు చాటావా?"

అవునంటే చాలు. కాదని చెప్పగలిగిన కాగితం ఎక్కడా లేదు. ఆయన చెయ్యి సిలువ మీద పెట్టాడు.

"చాటలేదయ్యా" అన్నాడు. గొంతు గాలిలా వచ్చింది. "చాటాల్సింది. ఎవరూ నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. మా చెల్లెలు లోపలుంది."

ఇక అయిపోయిందనుకున్నాను. నోటరీ కలం సిరాలో ముంచి, కాగితం మీద పెట్టకుండా ఆగారు. కిటికీ వైపు చూశారు. మళ్లీ వాంజెలిస్తా వాచిన మోకాళ్ల వైపు చూశారు.

"నీ గొంతు పూర్తిగా పోయింది పెద్దాయనా" అన్నారు. "నువ్వేమన్నావో నాకు వినపడలేదు."

"చాటలేద..."

"వినపడలేదంటున్నాగా. చెయ్యి తియ్యి." కలం విదిలించి పక్కన పెట్టారు. "వినపడని మాట నేను రాయలేను. అచ్చులో ఉన్నది చదవగలను. పెద్దలకు అదే చెబుతాను. మీరిద్దరూ వెళ్లండి."

మర్నాటి నుంచి బుట్టలు కదిలాయి. అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. రెండో వారానికి రొట్టెలు చిన్నవయ్యాయి, చెస్ట్‌నట్ అనే అడవి కాయల పిండి కలిసింది. నీళ్లు కొన్ని ఇళ్లకు ఒక్క పూటే అందాయి. జబ్బు తన పని తను చేసింది. ఆ ఎండాకాలం మూడు వందల మందికి పైగా పోయారు. మా మాస్త్రో కూడా వాళ్లలోనే పోయాడు. కానీ మూసిన ఇళ్లలో పలకలు తీశాక నడిచి బయటికి వచ్చినవాళ్లు డెబ్బై మందో ఎనభై మందో ఉన్నారు. అంతకుముందు అలా ఎవరూ రాలేదు.

పేర్లు పిలిచే పని వాంజెలిస్తాకే ఇచ్చారు. గొంతు లేని మనిషికి ఆ పని ఇవ్వడమేమిటని పాస్కువా మండిపడింది. ఆయన వినలేదు. పొద్దున్నే బుట్టవాళ్లతో బయలుదేరేవాడు. ప్రతి కిటికీ కిందా నిలబడి, బాకా ఒక్కసారి ఊది, పేరు పలికేవాడు. లోపలివాళ్లకు అది వినపడకపోయినా బాకా వినపడేది. ఎవరైనా తల చూపిస్తే చెయ్యెత్తి ముందుకు కదిలేవాడు. చూపించకపోతే అక్కడే మెట్ల మీద కూలబడేవాడు. బుట్టవాళ్లు విసుక్కునేవాళ్లు.

"పద తాతా, ఇంకా పద్దెనిమిది ఇళ్లున్నాయి."

"జవాబు వినే దాకా కదలకూడదని ఉందిరా."

"పోయారేమో!"

"పోతే పోయారని తెలియాలి కదా."

కొన్నిచోట్ల గంటసేపు కూర్చున్నాడు. నేను ఒక రోజు తోడు వెళ్లాను. సాయంత్రానికి నాకే కాళ్లు లాగేశాయి. ఆయన ఎలా తిరిగాడో తెలియదు. బాగున్నావా మామా అని అడిగితే మామూలు జవాబు కూడా ఇవ్వలేదు, తల ఊపాడంతే.

చలికాలానికి జబ్బు తగ్గింది. పెద్దలు ఆయనకు విశ్రాంతి ఇచ్చి, కాగితం చూసి చదివే కొత్త మనిషిని పెట్టుకున్నారు. మంచి గొంతు అతనిది. వాంజెలిస్తా ఇంటి ముందు ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవాడు. మాట ఇక రాలేదు. కావలసింది చేత్తో చూపించేవాడు, పాస్కువా కావాలని తప్పుగా అర్థం చేసుకునేది. ఉప్పు అడిగితే టోపీ తెచ్చేది. ఆయన నవ్వేవాడు, చప్పుడు లేకుండా.

మాస్త్రో పోయాక నేను అచ్చుశాలను పక్క ఊరి పుస్తకాల వ్యాపారికి అప్పగించి, అక్కడే పనికి కుదిరాను. ఆయన మా పుస్తకాన్ని మళ్లీ వేద్దామన్నాడు కానీ ఊరి కట్టుబాట్ల భాగం తీసేయమన్నాడు. వాటిని ఎవరూ కొనరని, పాటలూ ప్రార్థనలూ చాలని అన్నాడు. నేను వాదించాను. రెండు రోజులు వాదించాను. తర్వాత నాకూ ఓపిక అయిపోయింది. ఆయన చెప్పినట్టే పేర్చాను. రెండో చరణంలో తప్పు మాత్రం దిద్దాను.

ఆ ప్రతిని వాంజెలిస్తాకు తీసుకెళ్లి ఉన్న సంగతి చెప్పాను. ఆయన చేతిలోకి తీసుకుని, ఇది సన్నగా ఉందేమిటన్నట్టు చూశాడు. బొటనవేలితో ఆకులు తిప్పాడు. భుజం ఎగరేసి, నా ఒళ్లో పెట్టి, చిక్కుడుకాయల గిన్నె తన వైపు లాక్కున్నాడు. అందులో సగం నాకు తోశాడు. ఇద్దరం సాయంత్రం దాకా ఒలిచాం.

ఆ తర్వాతి లెంటు రోజుల్లో, ఈస్టరు ముందు ఉపవాసాల కాలంలో, ఒక మంగళవారం, ఎండలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సమాజం తెల్ల అంగీలో పాతిపెట్టారు. నేను వెళ్లేసరికి మట్టి వేసేశారు. పాస్కువా కొంతకాలం ఒంటరిగా ఉండి తన చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. వాళ్ల ఇంట్లో ఇప్పుడు తోళ్లు పదును చేసే కుటుంబం ఉంటోంది.